పాత పహాణీ ఎక్కడుంది? సర్కారు కాగితం నిలిచే తీరు, దారితప్పే తీరు

సంక్షిప్తంగా: ఒక ఊరి పహాణీలు (ఏ పొలం ఎవరి పట్టా, ఎవరి సాగు అని రాసే రిజిస్టర్లు), మిగతా పాత కాగితాలు అన్నీ ఒక్కచోట ఉండవు. సర్వే శాఖ, తహసీల్, ఆర్డీఓ కార్యాలయం, కలెక్టరేట్ రికార్డు రూమ్, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్), ఇలా చెదిరి ఉంటాయి. కాగితం పాడయ్యేది తేమ, ఆమ్లం, చెదల వల్ల. ఉండి కూడా దొరక్కుండా పోయేది మాత్రం ఎక్కువగా జాబితా లేకపోవడం వల్ల. ఉత్తర తెలంగాణలో జిల్లాల హద్దులు పలుమార్లు మారడం, పాత రాత ఉర్దూ, పారశీల్లో ఉండడం ఈ చిక్కును ఇంకా బిగిస్తున్నాయి.

కొత్త భూ రికార్డుల చట్టం భూ భారతి 2025 ఏప్రిల్‌లో మొదలయ్యాక వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల తహసీల్ కార్యాలయాల్లో పాత మాటలు మళ్లీ వినబడుతున్నాయి: సేత్వార్ నకలు, ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ, మున్తఖాబ్. విస్తీర్ణం తప్పు పడిందన్నా, పేరు జారిపోయిందన్నా, నంబరు నిషేధిత జాబితాలో చేరిందన్నా మూలం చూపమంటారు. పక్కపక్క ఊళ్ల రైతులు ఇద్దరు ఒకేరోజు దరఖాస్తు పెడితే ఒకరికి వారంలో నకలు చేతికి రావచ్చు, రెండో మనిషికి ‘రికార్డు లభ్యం కాలేదు’ అని జవాబు రావచ్చు. రెండు కాగితాల వయసూ ఒకటే, రాసిన శాఖా ఒకటే. తేడా ఆ కాగితాలు నడిచొచ్చిన దారిలో ఉంటుంది. ఆ దారి తెలిస్తే భూమి తగాదా ఒక్కటే కాదు, ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. రెండింటికీ ఆధారం అవే కట్టలు.

ఒక ఊరు, ఏడు బీరువాలు

సర్వే, సెటిల్‌మెంట్ ముగిశాక ఊరికి తయారైన మూల చిట్టా సేత్వార్. హైదరాబాద్ సంస్థానంలో జిల్లాబందీ (జిల్లాల ఏర్పాటు) 1865లో జరిగింది, సర్వే పనులు 1875 నుంచి మొదలయ్యాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి తరగతి, శిస్తు, పట్టాదారు పేరు సేత్వార్‌లో ఉంటాయి. దీన్నీ, కొలతల టిప్పన్‌నూ, గ్రామ నక్షనూ చూసుకునేది సర్వే, ల్యాండ్ రికార్డుల శాఖ. అందుకే సేత్వార్ కోసం తహసీల్ చుట్టూ తిరిగితే కాలం వృథా. జిల్లాలోని సర్వే సహాయ సంచాలకుల (ఏడీ) కార్యాలయంలో అడగాలి.

ఖాస్రా పహాణీ వేరు. 1358 ఫస్లీ (ఫస్లీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం) నాటి హక్కుల రికార్డుల నిబంధన కింద 1954-55లో ఊరూరా తిరిగి రాసిన రికార్డు ఇది. దాని వెంట వచ్చిన మూడేళ్ల పహాణీ 1955-58ది. పారశీలో ‘సె’ అంటే మూడు, ‘సాల్’ అంటే సంవత్సరం. ఆ ‘సేసాల’యే జనం నోట ‘చేసాల’ అయింది. పట్టా మార్పులు ఏటేటా జమాబందీలో (శిస్తు లెక్కల తనిఖీలో) ఖరారై ఎక్కేది ఫైసల్ పట్టీ. ఇవి రెవెన్యూ శాఖవి. తహసీల్‌లో కొన్ని, కలెక్టరేట్ రికార్డు రూమ్‌లో కొన్ని ఉంటాయి. ఇనాం భూములపై విచారణ జరిపి ఇచ్చిన మున్తఖాబ్, తర్వాతి ఇనాం రద్దు కేసుల ఫైళ్లు చాలావరకు ఆర్డీఓ కార్యాలయం దారి పడతాయి. క్రయ దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ దగ్గర. నిజాం సర్కారు విధాన నిర్ణయాలు, సుబా (కొన్ని జిల్లాలు కలిసిన పాలనా భాగం) నుంచి వెళ్లిన నివేదికలు తార్నాకలో. బ్రిటిష్ రెసిడెన్సీ రాతకోతలు ఢిల్లీలో.

ఊరి లెక్కలన్నీ ఒకప్పుడు పట్వారీ ఇంట్లో ఉండేవి. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఇంటి అటకల మీది కట్టలు తహసీల్‌కు అప్పగించాలి. అవి సర్దుకోకముందే, 1985 మేలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంటే ఏడాదిన్నర లోపే ఒకే కట్ట రెండుసార్లు ఇల్లు మారింది. పట్వారీ నుంచి తీసుకున్నప్పుడు ఏ ఫస్లీ, ఏ రిజిస్టరు, ఎన్ని పుటలు అని రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసిన చోట ఆ పహాణీలు ఈనాటికీ దొరుకుతాయి. ‘మూటలు ఏడు’ అని రాసుకున్న చోట, ఏడు మూటలు ఉన్నాయో లేదో మాత్రమే తెలుస్తుంది.

ఫైలు నడక, ఫైలు పడక

కలెక్టరేట్ ఫైలుకు రెండు భాగాలు. బయటి నుంచి వచ్చిన కాగితాలు కరెంట్ ఫైలు, కార్యాలయం లోపలి ఆలోచన నోట్ ఫైలు. చరిత్ర రాసేవారికి నోట్ ఫైలే బంగారం, ఎందుకంటే ఉత్తర్వు ‘ఏమిటో’ కరెంట్ ఫైలు చెబితే ‘ఎందుకో’ నోట్ ఫైలు చెబుతుంది. మద్రాసు రాష్ట్రంలో పుట్టిన టాటెన్‌హామ్ పద్ధతి ఇది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ కార్యాలయాల్లోనూ పాతుకుపోయింది. పని ముగిశాక ఫైలుకు ఒక ముద్ర పడుతుంది. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్ల తర్వాత తీసేయవచ్చు. ఎల్.డిస్. అంటే ఏడాదితో సరి. ఆ ఒక్క అక్షరమే ఫైలు ఆయుష్షు.

ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. చెరువు శిఖం (నీరు నిలిచే నేల) ఆక్రమణపై వచ్చిన అర్జీని మామూలు ఫిర్యాదుగా లెక్కగట్టి ఎల్.డిస్. వేస్తే, దానికి జతచేసిన నక్ష నకలు కూడా ఏడాదికే చిత్తుకాగితాల్లో కలుస్తుంది. రెండో తప్పు ఇంకా మామూలుది: ‘మళ్లీ అవసరం పడుతుంది’ అని సెక్షన్ గుమాస్తా ఫైలును తన బీరువాలోనే ఉంచుకోవడం. ఆయన బదిలీ అయ్యాక ఆ బీరువాలో ఏముందో ఎవరికీ తెలియదు, రికార్డు రూమ్ జాబితాలోకి అది ఎక్కనే లేదు. మూడోది, పాత ఫైలును కొత్త ఫైలుకు ఆధారంగా జతపరచి, కొత్త నంబరుతోనే రెండింటినీ ముగించేయడం. అప్పుడు 1962 నాటి ఫైలు 1991 కట్టలో పడుకుంటుంది. 1962 కట్ట విప్పి చూసినవారికి అక్కడ ఖాళీ మాత్రమే కనబడుతుంది. ఫైలు తీసిన చోట ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు కోసం తీశారో రాసిన చీటీ పెట్టాలన్నది పాత నియమం. రికార్డు రూమ్ బాగోగులు తెలియాలంటే కట్టల్లో ఆ చీటీలు ఉన్నాయో లేదో చూస్తే చాలు.

ముద్ర, జాబితా, చీటీ చాదస్తంగా కనిపించవచ్చు. కోర్టు మెట్లెక్కాక వాటి విలువ తెలుస్తుంది. 30 ఏళ్లు దాటిన పత్రం నిజమైనదేనని కోర్టు భావించడానికి సాక్ష్య చట్టం వీలు కల్పిస్తుంది, కాని ఆ పత్రం ఉండాల్సిన చోటి నుంచే వచ్చి ఉండాలి. రికార్డు రూమ్ కట్టలోంచి తీసిన పహాణీకి ఆ బలం ఉంటుంది. అదే పహాణీ మధ్యవర్తి సంచిలోంచి వస్తే, అక్షరం మారకపోయినా, అనుమానం వెంట వస్తుంది. ఆర్కైవ్స్ ఉద్యోగులు కట్టలను విషయాల వారీగా తిరిగి సర్దకుండా, ఏ కార్యాలయం నుంచి ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే ఉంచడానికి కారణం కూడా ఇదే. పక్క కాగితం లేకుండా ఏ కాగితానికీ పూర్తి అర్థం ఉండదు.

జిల్లా మారితే కాగితం ఎటు?

ఉత్తర తెలంగాణలో వెతుకులాట తరచుగా తప్పుడు జిల్లా పేరుతో మొదలవుతుంది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి నేడు జనగామ జిల్లాలో ఉంది. 2016కు ముందు వరంగల్ జిల్లా. కాని ఆ సంఘటన నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. సాయుధ పోరాటం నాటి పోలీసు, రెవెన్యూ రాతల కోసం వరంగల్ పేరు మీది సూచికలు తిరగేస్తే కడవెండి దొరకదు. పరకాల కథ మరోటి. 1951 జనాభా లెక్కల్లో అది కరీంనగర్ జిల్లా తాలూకా. తర్వాత వరంగల్‌కు వచ్చింది, 2016లో వరంగల్ రూరల్‌కు, 2021లో హనుమకొండకు చేరింది. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు 2016 దాకా కరీంనగర్ జిల్లావి, ఇప్పుడు హనుమకొండవి.

ఇంకా వెనక్కి వెళ్తే జిల్లాల పేర్లే వేరు. కరీంనగర్ జిల్లాను ఎల్గందల్ అనేవారు, కేంద్రం 1905లో కరీంనగర్‌కు మారింది. ఆదిలాబాద్ పాత కాగితాల్లో సిర్పూర్-తాండూర్. ఖమ్మం 1953 అక్టోబర్ 1 దాకా వరంగల్ జిల్లాలోనిది. ఇవన్నీ వరంగల్ సుబా కింద ఉన్న రోజుల నాటి నివేదికలు సుబేదారు కచేరీ మీదుగా హైదరాబాద్ వెళ్లేవి. హనుమకొండలో సుబేదారి అన్న పేట పేరు ఆ కచేరీ గుర్తే.

జిల్లాను విడగొట్టినప్పుడు రికార్డులను పంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాతవన్నీ పాత జిల్లా కేంద్రంలోనే ఉంచి కొత్త జిల్లాకు నకళ్లివ్వడం. రెండోది, మండలాల వారీగా అసలు కట్టలనే పంపడం. మొదటి దారిలో జనానికి దూరాభారం, కాని వరుస చెదరదు. రెండో దారిలో కార్యాలయం దగ్గరవుతుంది, కాని ఒకే ఫైల్లో మూడు మండలాల ఊళ్లున్నప్పుడు ఆ ఫైలు ఎటు పోవాలో తేలదు. రెండింటిలో మొదటిదే మేలని రికార్డుల పని తెలిసినవారి మాట. తొందరలో మాత్రం రెండోదే నడుస్తుంది, అదీ జాబితా లేకుండా డీసీఎం వ్యానుల్లో. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేటలతో 33కు చేరాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. కాబట్టి 2018లో ‘వరంగల్ అర్బన్’ అని అట్ట మీద రాసిన ఫైలు నేటి వరంగల్ కలెక్టరేట్‌ది కాదు, హనుమకొండది.

తార్నాకలో ఉన్నదేమిటి?

రాష్ట్ర ఆర్కైవ్స్ నిజాం కాలపు దఫ్తర్ల వారసురాలు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలం, 1406 నాటి ఫర్మానా ఇక్కడి అతి పాత పత్రంగా చెబుతారు. షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలన నాటి మొఘల్ పత్రాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. అన్నీ కలిపి సంస్థ లెక్క 4 కోట్ల పత్రాలు దాటుతుంది. అధిక భాగం పారశీ, ఉర్దూ. వీటి డిజిటల్ ప్రతుల కోసం 2022లో ఇరాన్‌కు చెందిన నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం కుదిరింది.

ఇంత సంపద ఉన్నా ఓరుగల్లు ప్రాంతపు ఊరి పేరు పట్టుకుని వెళ్లినవారికి వెంటనే ఏదీ దొరకదు. మొదటి అడ్డు లిపి. వేగంగా రాసే శికస్తా రాతలో చుక్కలు ఎగిరిపోతాయి, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉర్దూలో హ్రస్వ అచ్చులకు గుర్తు పెట్టరు. ‘ట’, ‘డ’లకు పైన ఉండాల్సిన గుర్తు రాతలో జారిపోతే అవి ‘త’, ‘ద’లుగా కనబడతాయి. అట్లా మడికొండ మదికొండ అవుతుంది, పరకాల పర్కల్ అవుతుంది. లెక్కల పత్రాల్లోనైతే అంకెలకు బదులు సియాక్ అనే సంజ్ఞలుంటాయి, అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించి చేసినవి. పారశీ బాగా వచ్చినవారు కూడా సియాక్ నేర్చుకోకపోతే శిస్తు మొత్తం చదవలేరు.

రెండో అడ్డు తేదీ. సంస్థానపు కాగితాల్లో ఫస్లీ సంవత్సరం, పారశీ నెలలు ఉంటాయి: అజూర్, దై, బహమన్ వరుసగా ఆబాన్ దాకా. అజూర్ అక్టోబర్ 6 ప్రాంతంలో మొదలవుతుంది. కాబట్టి సంవత్సరం తొలి మూడు నెలలకు 590, డిసెంబర్ దాటాక 591 కలపాలి. 1357 ఫస్లీ అజూర్ అంటే 1947 అక్టోబర్, అదే 1357 ఆబాన్ అంటే పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్. ఇది మరిచి గుడ్డిగా 590 కలిపినందువల్ల సంఘటన ఒక ఏడాది వెనక్కి జరిగిన స్థానిక చరిత్ర వ్యాసాలు తక్కువేం కాదు. ఇప్పటి రెవెన్యూ ఫస్లీ మళ్లీ వేరు, జూలై 1న మొదలవుతుంది. ఖాస్రా పహాణీ ఏడాది 1954-55 అంటే 1364 ఫస్లీ. ఫర్మానాల్లోనైతే హిజ్రీ తేదీలుంటాయి. హిజ్రీ ఏడు సుమారు 354 రోజులే కాబట్టి దానికి స్థిరమైన అంకె ఏదీ కలపలేం, పట్టిక చూడాల్సిందే.

300 ఏళ్ల కాగితం నిలిచి, 70 ఏళ్లది ఎందుకు పొడి అవుతుంది?

వింతగా తోచినా, మొఘల్ పత్రం కన్నా ఖాస్రా పహాణీయే త్వరగా విరుగుతుంది. పాత చేతి కాగితం గుడ్డపేలికలు, నార నానబెట్టి దంచిన గుజ్జుతో చేసేవారు. పోగులు పొడవు, ఆమ్లం తక్కువ. కోరుట్లలో అలాంటి ముతక కాగితం తయారయ్యేది, పట్వారీల లెక్కలకు అదే వాడేవారు. 20వ శతాబ్దంలో మిల్లు కాగితం వచ్చింది. కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు వెదురు గుజ్జు మీద నడిచింది. కలప, వెదురు గుజ్జులో లిగ్నిన్ అనే చెక్క పదార్థం మిగిలితే వెలుతురుకు పసుపెక్కుతుంది. సిరా పాకకుండా వేసే పటిక, రోజనం కాగితంలో ఆమ్లం పుట్టిస్తాయి. ఆ ఆమ్లం పోగులను తెంచుతుంది. మడత పెట్టిన చోట ముందు తెగుతుంది. నాలుగు మడతలేసి కట్టిన రిజిస్టరు పుటలు నాలుగు ముక్కలయ్యేది అందుకే.

వాతావరణం మిగతా పని చేస్తుంది. కాగితానికి 22 నుంచి 25 డిగ్రీలు, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం అనువు. వరంగల్‌లో మేలో ఎండ 45 డిగ్రీలకు చేరి గాలి ఎండిపోతుంది, జూలైలో తేమ ఎగబాకుతుంది. ఎండకు కుంచించుకుని, వానకు ఉబ్బి, ఏటా ఈ ఊగులాటలో పోగులు అలిసిపోతాయి. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది. ఎయిర్ కండిషనర్ పగలు నడిపి రాత్రి ఆపేస్తే అసలు లేనిదానికన్నా చెరుపు, ఎందుకంటే ఆ ఊగులాట ఏడాదికోసారి కాక రోజుకోసారి జరుగుతుంది. డబ్బు లేని రికార్డు రూమ్‌కు చవకైన జాగ్రత్తలే మేలు: ఇనుప ర్యాకులు గోడకు, నేలకు 15 సెంటీమీటర్ల ఎడంగా, గాలి ఆడేలా కిటికీలు, కట్టకు అటూ ఇటూ అట్టలు, పైన ఉతికిన నూలు గుడ్డ. కట్టను పురికొసతో కట్టకూడదు, అంచులు కోసేస్తుంది. వెడల్పాటి నాడా వాడాలి. చెదలు గోడ వెంట మట్టి గొట్టాలు కడతాయి కాబట్టి ర్యాకుకూ గోడకూ మధ్య చూపు ఆనేంత సందు ఉంటే అవి ముందే కనబడతాయి.

బూజు పట్టిన పుటలకు థైమాల్ పొగ పెడతారు. మూసిన పెట్టెలో పళ్లెం నిండా థైమాల్ పలుకులు, కింద 40 వాట్ల బల్బు, రోజుకు కొన్ని గంటల చొప్పున వారం, పది రోజులు. పురుగులకైతే పారాడైక్లోరోబెంజీన్. రెండూ మనిషికి మంచివి కావు, పెట్టె తెరిచాక గదికి గాలి ఆడించాలి.

మరమ్మతులో తొలి పని పుటలకు పెన్సిల్‌తో నంబరు వేయడం. దీన్ని దాటేస్తే తర్వాత ఎంత నేర్పు చూపినా వరుస తిరిగి రాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, సిరా మీద ఒక మూల నీటి చుక్క వేసి అద్దుడు కాగితంతో ఒత్తి చూస్తారు. రంగు దిగకపోతేనే నీటి పద్ధతి. ముందు పలుచని సున్నపు తేటలో సుమారు 20 నిమిషాలు, తర్వాత కాల్షియం బైకార్బనేట్ ద్రావణంలో అంతే సేపు. మొదటిది ఆమ్లాన్ని చంపితే, రెండోది మిగిలిన సున్నాన్ని కార్బనేట్‌గా మార్చి, ముందు ముందు పుట్టే ఆమ్లానికి అడ్డుగా కాగితంలోనే నిలుపుతుంది. ఎర్ర సిరా, రబ్బరు ముద్రల సిరా నీటికి కరుగుతాయి, వాటికి ఆల్కహాల్‌లో కలిపిన మందు వాడతారు. తర్వాత పలుచని టిష్యూను గంజితో అంటించి, బరువు కింద ఆరబెడతారు. ఒకప్పుడు జాతీయ అభిలేఖాగారంలో రూపొందిన చేతి లామినేషన్ చాలా వాడుకలో ఉండేది. సెల్యులోజ్ ఎసిటేట్ పొరను టిష్యూతో కలిపి ఎసిటోన్ దూదితో రుద్దేవారు. విరిగే కాగితాన్ని అది నిలబెట్టింది నిజమే. కాని ఆమ్లం తీయకుండా చేసిన చోట పొర లోపల కాగితం కాలుతూనే ఉంది, ఇప్పుడా పొరే పసుపెక్కి విడదీయడం కష్టమైంది. తిరిగి విప్పగలిగే మరమ్మతే చేయాలన్న సూత్రం ఈ అనుభవాల తర్వాతే గట్టిపడింది. మామూలు సెల్లోటేపుకైతే క్షమాపణే లేదు. జిగురు లోపలికి దిగి చేసే గోధుమరంగు మరక మళ్లీ పోదు.

వరద వేరే లెక్క. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వానకు కింది అర తడిస్తే చేతిలో ఉండేది సుమారు 48 గంటలు, ఆపైన బూజు. తడిసిన కట్టను వెంటనే విప్పి ఎండలో పరచడం అందరూ చేసే పని, అదే తప్పు. పుటలు వంకరపోతాయి, అతుక్కుంటాయి. నీడలో, ఫ్యాన్ గాలికి, నాలుగైదు పుటలకో అద్దుడు కాగితం పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. కట్టలు వందల్లో ఉంటే గడ్డకట్టించి తర్వాత తీరిగ్గా ఆరబెట్టడం ఒక్కటే మార్గం. వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కదా అనిపించవచ్చు. అక్కడి చలి సున్నాకు పైనే ఉంటుంది, బూజును నెమ్మదింపజేస్తుంది తప్ప ఆపదు. మైనస్ 20 డిగ్రీలిచ్చే ఫ్రీజర్ కావాలి.

స్కాన్ చేస్తే సరిపోతుందా?

తెరిచిన పహాణీ పుట సుమారు ఏ3 సైజు అనుకుంటే, 400 డీపీఐతో రంగుల్లో తీసిన టిఫ్ (నాణ్యత తగ్గించని బొమ్మ ఫైలు) ప్రతి దాదాపు 93 ఎంబీ. రెండు వందల పుటల రిజిస్టరు 18 జీబీ దాటుతుంది. ఈ భారానికి జడిసి చాలాచోట్ల నేరుగా నలుపు-తెలుపు పీడీఎఫ్ తీసేస్తారు. పెన్సిల్ రాతలు, ఎర్ర సిరా దిద్దుబాట్లు అందులో మాయమవుతాయి. తగాదా తేలేది సరిగ్గా ఆ దిద్దుబాటు ఎప్పటిదన్న దాని మీదే. మూలప్రతి టిఫ్‌గా దాచి, జనానికి చిన్న పీడీఎఫ్ ఇవ్వడం సరైన పద్ధతి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మైక్రోఫిల్మ్ పాతబడ్డ పద్ధతి అంటారు కాని భూతద్దం, దీపం ఉంటే చదువుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అసలు చిక్కు పేర్లలో ఉంది. ‘స్కాన్ 0001’ అని పేరున్న పది లక్షల ఫైళ్లు, గోనెసంచుల్లో కుక్కిన కాగితాల కన్నా మెరుగేమీ కాదు. జిల్లా, తాలూకా, గ్రామం, ఫస్లీ, రిజిస్టరు రకం, పుట నంబరు ప్రతి ఫైలుకూ ఉండాలి. గ్రామం పేరుకు పాత ఉర్దూ రూపం, నేటి తెలుగు రూపం రెండూ కావాలి. స్కానర్‌కు పెట్టే ఖర్చు టెండర్లో కనబడుతుంది, ఈ జాబితా రాసే పని కనబడదు. అందుకే అది మిగిలిపోతుంది.

పహాణీలో ఒక్క వరుస

ఈ కాగితాలు చరిత్రకు ఎలా పనికొస్తాయో ఒక ఊహా వరుసతో చూడొచ్చు. సర్వే నంబరు 112, 4 ఎకరాల 16 గుంటలు, తరీ, ఆధారం చెరువు, ఫసల్ ఆబీ, పట్టాదారు ఒకరు, కబ్జాదారు మరొకరు. తరీ అంటే మాగాణి, ఖుష్కీ అంటే మెట్ట. ఆబీ వానాకాలపు వరి, తాబీ యాసంగి వరి. ఒక ఊరి పహాణీలో తాబీ గడులన్నీ ఖాళీగా ఉంటే ఆ చెరువు యాసంగికి అందేది కాదని అర్థం. పట్టాదారు, కబ్జాదారు పేర్లు వరుసగా వేరువేరుగా ఉంటే కౌలు ఎంత విస్తరించిందో తెలుస్తుంది. దాన్ని 1950 కౌలుదారీ చట్టం తర్వాత తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరుతో పోల్చితే, నమోదైన కౌలుదారు మూడు నాలుగేళ్లకే పొలంలో ఉన్నాడో లేడో బయటపడుతుంది.

శిఖం నంబర్ల విస్తీర్ణాన్ని సేత్వార్‌లో కూడి, నేటి చెరువు నీటి విస్తీర్ణంతో పోల్చితే ఎంత పూడింది, ఎంత కబ్జా అయింది అన్న తగాదాకు ఒక అంకె దొరుకుతుంది. ఇనాం పట్టికలు మరో లోకం. చెరువు నీళ్లు పంచే నీరడికి, ఊరి సేవకుడైన శేత్‌సింధీకి, గుడి సేవకులకు ఇచ్చిన భూముల వివరం చూస్తే ఊరిని ఎవరు నడిపారో అర్థమవుతుంది. వేయిస్తంభాల గుడి 1163 నాటి శాసనం రాజును చూపుతుంది. నీరడి పేరు కావాలంటే ఈ పట్టికలే దిక్కు.

అయితే ఇవి శిస్తు కోసం రాసినవి, ఆ పక్షపాతం వీటిలో ఉంది. శిస్తు కట్టనివారు, తమ పేరు మీద భూమి లేని ఆడవారు, పోడు సాగుచేసే కోయలు, గోండులు వీటిలో కనిపించరు. జాగీరు గ్రామాలకు 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా దివానీ (నేరుగా సర్కారు రాసిన) లెక్కలు పలుచన. రికార్డులో లేనంత మాత్రాన ఊళ్లో లేరని రాయడం స్థానిక చరిత్రల్లో తరచూ జరిగే పొరపాటు.

చట్టం ఎంతవరకు, అడిగే తీరు ఎలా?

1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం 1892కు ముందు పుట్టిన రికార్డును, వాడకానికి పనికిరానంతగా పాడైతే తప్ప, నాశనం చేయకూడదంటుంది. జాతీయ అభిలేఖాగారానికి చేరిన, రహస్యం కాని 30 ఏళ్లు దాటిన రికార్డులను పరిశోధకులకు తెరవాలంటుంది. ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు, 10 వేల రూపాయల దాకా జరిమానా. కాని అది కేంద్ర ప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతాల రికార్డులకే. కాజీపేట రైల్వే ఫైలుకు వర్తిస్తుంది, కాజీపేట మండలపు పహాణీకి వర్తించదు. రాష్ట్ర కార్యాలయాల కాగితం ఆఫీసు మాన్యువళ్లు, శాఖల ఉత్తర్వుల మీదే ఆధారపడుతుంది. అక్కడ తప్పుకు శాఖాపరమైన చర్య ఉంటుందే తప్ప ఆ చట్టపు పదును ఉండదు.

ఆర్కైవ్స్‌ను జనానికి దగ్గర చేయడంలో కేరళ ఒక దారి పట్టింది, తిరువనంతపురంతో పాటు ఎర్నాకుళం, కోళికోడ్‌లలో ప్రాంతీయ ఆర్కైవ్స్ నడుపుతోంది. రాజస్థాన్ బికనీర్ కేంద్రంగా శాఖలు పెట్టి, పాత సంస్థానాల పట్టాలు, బహీలను (లెక్కల పుస్తకాలను) పెద్ద ఎత్తున డిజిటల్ చేసింది. వరంగల్ సుబా పరిధిలోని ఊళ్లకు కోళికోడ్ తరహా ఏర్పాటే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇక్కడి సమస్య ప్రతుల కొరత కన్నా చదివి, జాబితా రాసే మనుషుల కొరత. వాళ్లు కట్టల దగ్గరే ఉండాలి.

సమాచార హక్కు చట్టం 30 రోజుల్లో జవాబు కోరుతుంది, 20 ఏళ్లు దాటిన సంఘటనల మీద చాలా మినహాయింపులు చెల్లవు. తెలంగాణలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ‘కనబడటం లేదు’ అన్న జవాబుతో కథ ముగియదు. ఉండాల్సిన రికార్డు లేకపోతే వెతికించి, విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చమని సమాచార కమిషన్ ఆదేశించవచ్చని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అయితే దరఖాస్తు రాసే తీరులోనే సగం పని ఉంది. ‘మా తాత భూమి కాగితాలన్నీ ఇవ్వగలరు’ అని రాస్తే ఏ బీరువా తెరవాలో రికార్డు కీపర్‌కూ తెలియదు. ఊరి నేటి పేరు, పాత కాగితాల్లో పేరు, ఆనాటి తాలూకా, ఆనాటి జిల్లా, ఫస్లీ, రిజిస్టరు రకం, సర్వే నంబరు రాయాలి. ఎల్కతుర్తి రైతు 1364 ఫస్లీ ఖాస్రా పహాణీ కోసం హనుమకొండలో పెట్టే దరఖాస్తులో ‘పూర్వపు కరీంనగర్ జిల్లా’ అన్న మాట తప్పకుండా చేర్చాలి. ‘లేదు’ అని జవాబొస్తే ఇంకో చిన్న అర్జీ మిగిలే ఉంటుంది: 2016లో కరీంనగర్ నుంచి వచ్చిన రికార్డుల అప్పగింత జాబితా నకలు ఇవ్వమని.